పింగ్ తగ్గింది, గిల్డ్ ఖాళీ అయింది: ఆన్‌లైన్ ఆర్‌పీజీల్లో పాతవాళ్లు, కొత్తవాళ్లు

ఏదైనా ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేమ్‌ని రెండు మూడేళ్లుగా ఆడుతున్నవాణ్ని పట్టుకుని "గేమ్ ఎలా ఉంది?" అని అడిగి చూడండి. గ్రాఫిక్స్, కొత్త అప్‌డేట్, మ్యాప్ గురించి ఓ ఐదు నిమిషాలు చెప్తాడు. ఆ తర్వాత మాటంతా మనుషుల మీదకి మళ్లుతుంది. ఎవడు మానేశాడు, ఎవడు ఎవడితో మాట్లాడట్లేదు, రాత్రి పదింటికి ఇంకా ఎంతమంది వస్తున్నారు, ఇవే కబుర్లు.

గేమ్ రివ్యూ అనగానే మనం ఫ్రేమ్ రేట్ చూస్తాం, ఫోన్ ఎంత వేడెక్కిందో చూస్తాం, గంటకి బ్యాటరీ ఎంత తాగిందో చూస్తాం. అవన్నీ కావాల్సినవే. కానీ ఈ రకం గేమ్ మీ ఫోన్‌లో నెల ఉంటుందా, నాలుగేళ్లు ఉంటుందా అనేది తేల్చేది ప్రాసెసర్ కాదు, గిల్డ్. గిల్డ్ అంటే గేమ్‌లో మన జట్టు. కలిసి డంజన్లకి వెళ్తాం, సామాన్లు పంచుకుంటాం, చస్తే తిట్టుకుంటాం. ఈసారి రివ్యూ ఆ గిల్డ్ మీద.

నా మాట ముందే చెప్పేస్తా. జనం వెళ్లిపోవడం వల్ల గిల్డ్ చచ్చిపోదు. జనం ఎప్పుడూ వెళ్లిపోతూనే ఉంటారు: ఉద్యోగం వస్తుంది, పెళ్లవుతుంది, ఫోన్ పగులుతుంది. వెళ్లినవాళ్ల జాగాలోకి కొత్తవాళ్లు వచ్చి కుదురుకోలేకపోతే అప్పుడు చచ్చిపోతుంది. చాలాసార్లు వాళ్లకి అడ్డుపడేది మిగిలినవాళ్ల చెడ్డతనం కూడా కాదు, వాళ్ల మధ్య ఉన్న గట్టి స్నేహం.

సూర్యలంక నుంచి ఆల్బియన్ దాకా

మాది సూర్యలంక. బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లు. బయటివాళ్లకి బీచ్, ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ తెలుసు. గేమింగ్‌కి మాత్రం మా ఊరికి ఉన్న ఆస్తి ఒకటే, 2016 సెప్టెంబర్ 5న జియో మొదలయ్యాక చవకైన డేటా. పీసీ లేని ఇళ్లలో కూడా ఆన్‌లైన్ గేమ్ అడుగుపెట్టింది అప్పుడే. 2020 లాక్‌డౌన్‌లో కాలేజీ మూసేసరికి బీటెక్ సగంలో పుస్తకాల బ్యాగుతో ఇంటికొచ్చాం. పగలు ఆన్‌లైన్ క్లాసు, రాత్రి గేమ్.

అప్పట్లో మన దగ్గర ఆటల జట్లు ఎలా చెదిరిపోయాయో మీకు గుర్తుండే ఉంటుంది. 2020 జూన్ 29న బ్యాన్ చేసిన 59 యాప్‌లలో మొబైల్ లెజెండ్స్ పోయింది. సెప్టెంబర్ 2న పబ్‌జీ మొబైల్ పోయింది. 2022 ఫిబ్రవరి 14న ఫ్రీ ఫైర్ పోయింది. పబ్‌జీ జాగాలో 2021 జూలైలో వచ్చిన బీజీఎంఐ కూడా 2022 జూలై 28న స్టోర్ల నుంచి మాయమై, మళ్లీ 2023 మేలో వచ్చింది. ఇవి మ్యాచ్ గేమ్‌లు కాబట్టి పెద్ద నష్టం లేదు. నలుగురు దొరికితే ఎక్కడైనా స్క్వాడ్ అవుతుంది, అరగంటలో మ్యాచ్ అయిపోతుంది. ఆర్‌పీజీ అలా కాదు. మీ క్యారెక్టర్, మీరు కూడబెట్టిన వెండి, గిల్డ్‌లో మీకున్న పేరు, ఇవన్నీ ఒకే సర్వర్ మీద ఏళ్ల తరబడి పేరుకుంటాయి.

మేం పడింది ఆల్బియన్ ఆన్‌లైన్‌లో. బెర్లిన్‌లోని శాండ్‌బాక్స్ ఇంటరాక్టివ్ తయారుచేసిన గేమ్. 2017 జూలై 17న రిలీజైంది, 2019 ఏప్రిల్‌లో ఫ్రీ అయింది, 2021 జూన్ 9న ఫోన్లకి అఫీషియల్‌గా వచ్చింది. పీసీ వాడికీ ఫోన్ వాడికీ ఒకటే ప్రపంచం, ఒకటే అకౌంట్. గేమ్‌లో కత్తి నుంచి కవచం దాకా దాదాపు ప్రతి వస్తువూ ఆటగాళ్లే తయారుచేసి మార్కెట్లో అమ్ముతారు. రెడ్ జోన్, బ్లాక్ జోన్లలో చచ్చిపోతే ఒంటి మీద ఉన్నదంతా పోతుంది, చంపినవాడు దోచుకుపోతాడు. అందుకే ఒంటరిగా ఆడటం కష్టం. గిల్డ్ కావాలి.

మా క్లాస్‌మేట్లు ఆరుగురం కలిసి మొదలుపెట్టాం. తెనాలి నుంచి ఇద్దరు, రేపల్లె నుంచి ఒకడు, మిగతా ముగ్గురం బాపట్ల చుట్టుపక్కలవాళ్లం. తర్వాత తమ్ముళ్లు, బావమరుదులు, హాస్టల్ సీనియర్లు, ఎమ్మెస్‌కి టెక్సస్ వెళ్లినవాళ్లు చేరి, ఆరు నెలల్లో నలభై మంది దాటాం. గిల్డ్ చాట్ మొత్తం ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు. "మావా ఎక్కడున్నావ్, గ్యాంక్ చేస్తన్నారు రా" అని అర్ధరాత్రి మెసేజ్ పడితే పదిమంది గుర్రాలేసుకుని బయల్దేరేవాళ్లు.

సర్వర్ మారితే ఏం పోతుంది?

మొదట్లో అందరికీ ఒకటే సర్వర్, అది అమెరికాలో ఉండేది. ఇక్కడ కాస్త లెక్క చూద్దాం. ఫైబర్‌లో కాంతి సెకనుకి దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. బాపట్ల నుంచి అమెరికా తూర్పు తీరానికి తిన్నగా గీత గీసినా పదమూడు వేల కిలోమీటర్ల పైమాటే. వెళ్లి రావడానికి కనీసం 130 మిల్లీసెకన్లు. కేబుల్ తిన్నగా పోదు, మధ్యలో రౌటర్లుంటాయి, మన వైపు మొబైల్ టవర్ ఉంటుంది. అందుకే మాకు మామూలు రోజుల్లో 250 నుంచి 300 వరకు పింగ్ వచ్చేది. ఆదివారం సాయంత్రం బీచ్‌కి జనం వచ్చి టవర్ మీద పడ్డారంటే ఇక చెప్పక్కర్లేదు. శత్రువు కత్తి ఎత్తడం మనకి కనిపించేసరికి అది దిగిపోయి ఉండేది.

2023 మార్చి 20న ఆసియా సర్వర్ తెరిచారు, సింగపూర్‌లో. మా తీరం నుంచి సింగపూర్ మూడు వేల కిలోమీటర్ల చిల్లర. పింగ్ ఒక్కసారిగా 60, 70కి దిగింది. మొదటి రోజు గేమ్ కొత్త ఫోన్‌లో ఆడుతున్నట్టు అనిపించింది. కానీ ఇల్లు అలకగానే పండగ కాదు. పాత సర్వర్ నుంచి క్యారెక్టర్ని తెచ్చుకునే వీల్లేదు. కొత్త సర్వర్‌లో అందరూ సున్నా నుంచే మొదలుపెట్టాలి.

కంపెనీ వైపు నుంచి చూస్తే ఇది సబబే. వేరే సర్వర్ వెండి వచ్చి పడితే కొత్త మార్కెట్ మొదటి రోజే పాడవుతుంది. కానీ గిల్డ్ వైపు నుంచి చూస్తే మాకు మూడు ముక్కలైంది. టెక్సస్‌లో ఉన్నవాళ్లకి అమెరికా సర్వర్ పక్కనే ఉంది, వాళ్లు ఎందుకు కదులుతారు? ఇక్కడ ఉన్నవాళ్లలో సగం మంది పింగ్ కోసం ఆసియాకి వచ్చారు. మిగతా సగం "రెండేళ్ల కష్టం వదిలేసి మళ్లీ చెట్లు నరకాలా?" అని గేమే మానేశారు. దేశం మారినా విడిపోని స్నేహాలు సర్వర్ మారేసరికి విడిపోయాయి. అమెరికా సర్వర్‌లో మా పాత గిల్డ్ ఇప్పటికీ పేరుకి ఉంది. లాగిన్ అయితే సభ్యుల లిస్ట్ నిండా చివరగా ఎన్ని వందల రోజుల క్రితం కనిపించారో ఉంటుంది, అంతే.

చాట్ ఎందుకు మూగబోయింది?

ఆసియాకి వచ్చిన నలుగురం మొదట ఓ పెద్ద గిల్డ్‌లో చేరాం. పేరు చెప్పను, అవసరం లేదు. ఆల్బియన్‌లో ఒక గిల్డ్‌లో 300 మంది దాకా ఉండొచ్చు, అది దాదాపు నిండిపోయి ఉంది. మూడు వారాలు అక్కడ ఉన్నాను. గిల్డ్ చాట్‌లో "హాయ్" పెడితే జవాబు లేదు. "గ్రూప్ డంజన్‌కి ఎవరైనా వస్తారా?" అంటే జవాబు లేదు. గిల్డ్ చచ్చిపోయిందేమో అనుకున్నాం. కానీ మ్యాప్ మీద చూస్తే మా గిల్డ్ వాళ్లే ఐదుగురు ఐదుగురు చొప్పున పోతూ కనిపించేవాళ్లు.

విషయం తర్వాత అర్థమైంది. మాటంతా డిస్కార్డ్‌కి పోయింది. అందులోనూ అందరికీ కనిపించే చానెల్‌లో కాదు, లాక్ ఉన్న వాయిస్ రూముల్లో. ఒక రూమ్ మొదటి సీజన్ వాళ్లది, ఇంకోటి ఆఫీసర్లది, మూడోది రాత్రి ఒంటిగంట బ్యాచ్‌ది. లోపల నవ్వులే నవ్వులు. బయట నుంచి చూసేవాడికి శ్మశానం.

నా దృష్టిలో మొత్తం కథకి కీలకం ఇదే. 2015లో డిస్కార్డ్ రాకముందు కూడా టీమ్‌స్పీక్ లాంటివి ఉన్నాయి, కానీ చాలా గేమ్‌లలో కబుర్లన్నీ గేమ్ లోపలి చాట్‌లోనే నడిచేవి. కొత్తవాడు ఊరికే చదువుతూ కూర్చున్నా ఎవరు ఎలాంటివాళ్లో, ఏ జోక్ ఎక్కడ పుట్టిందో తెలిసిపోయేది. నాలుగో రోజు వాడూ ఒక మాట కలిపేవాడు. ఇప్పుడు ఆ వినికిడి లేదు. పదిమంది యాక్టివ్‌గా ఉన్న గిల్డ్ కూడా బయటికి సున్నాలా కనిపిస్తుంది. సున్నా అనుకుని కొత్తవాడు వెళ్లిపోతాడు. అలా ఆరు నెలలు గడిస్తే అది నిజంగానే సున్నా అవుతుంది.

నిక్ యీ, నికొలస్ డుషెనో, వాళ్ల టీమ్ 2006లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటగాళ్ల మీద ఒక పేపర్ రాశారు. దాని పేరే "అలోన్ టుగెదర్?". చుట్టూ వేలమంది ఉన్నా చాలామంది ఎక్కువ సేపు ఎవరితోనూ కలిసి ఆడట్లేదని, మిగతావాళ్లు వాళ్లకి ప్రేక్షకుల్లాగా, తోడుగా ఉన్నారన్న భావన కోసం పనికొస్తున్నారని అందులో చెప్పారు. నాకు ఇందులో నచ్చిన మాట ఆ "తోడు" అన్నది. కలిసి ఆడకపోయినా పక్కన చప్పుడు ఉంటే మనిషి ఆగుతాడు. చాట్‌ని తాళం వేసిన గదిలోకి తీసుకుపోతే మాయమయ్యేది సరిగ్గా ఆ చప్పుడే.

మీ ఫోన్ కూడా ఒక గోడే

ఇది గ్యాడ్జెట్ సైట్ కాబట్టి ఈ ముక్క ప్రత్యేకంగా చెప్పాలి. జట్లు మనసుల వల్లే కాదు, ర్యామ్ వల్ల కూడా ఏర్పడతాయి.

పీసీ వాడు గేమ్ ఒక స్క్రీన్‌లో, డిస్కార్డ్ ఇంకో స్క్రీన్‌లో పెట్టుకుంటాడు. ఫోన్ వాడికి రెండూ ఒకే డబ్బాలో నడవాలి. 4 జీబీ ర్యామ్ ఫోన్‌లో ఆల్బియన్ తెరిస్తే కాసేపటికి ఆండ్రాయిడ్ వెనకాల ఉన్న డిస్కార్డ్‌ని చంపేస్తుంది. వాయిస్ కట్. తిరిగి కలిసేలోపు లీడర్ "వెనక్కి వెనక్కి" అన్నది వీడికి వినపడదు, ముందుకెళ్లి చస్తాడు. పోనీ టైప్ చేద్దామంటే కీబోర్డ్ సగం స్క్రీన్ మింగేస్తుంది. అలా రెండు ఫైట్లు చెడిపోతే మూడోసారి ఎవరూ పిలవరు. ఎవరికీ వాడి మీద కోపం లేదు, "వాడి ఫోన్‌తో కష్టం మావా" అంటారంతే. కానీ ఆ ఒక్క మాటతో గిల్డ్‌లో పీసీ వాళ్లు ఒక కులం, 8 జీబీ వాళ్లు ఒక కులం, మిగతావాళ్లు ఊరి బయట.

మీది ఈ పరిస్థితి అయితే చిన్న చిట్కా. సెట్టింగ్స్‌లో డిస్కార్డ్ యాప్‌కి బ్యాటరీ ఆప్టిమైజేషన్ తీసేయండి, రీసెంట్ యాప్స్‌లో లాక్ పెట్టే వీలుంటే పెట్టండి, గేమ్ గ్రాఫిక్స్ ఒక మెట్టు దించండి. పాత ఫోన్ ఏదైనా డ్రాయర్‌లో పడుంటే వైఫైకి కలిపి వాయిస్ దాంట్లో నడపండి. మా రేపల్లె వాడు ఏడాది పాటు పగిలిన డిస్‌ప్లే ఫోన్‌ని ఇలాగే నడిపించాడు.

వాయిస్ దగ్గర ఇంకో గోడ ఉంది. తెనాలి నుంచి మా క్లాస్‌మేట్ ఒకమ్మాయి, మా అందరికంటే మార్కెట్ లెక్కలు బాగా తెలిసిన మనిషి, మైక్ ఎప్పుడూ ఆన్ చేసేది కాదు. పెద్ద గిల్డ్‌లో ఒకసారి ఆన్ చేస్తే మరుక్షణం "అమ్మాయివా? ఏ ఊరు? ఇన్‌స్టా ఉందా?" అని మొదలుపెట్టారట. అప్పట్నుంచి టెక్స్ట్ మాత్రమే. ఆ గిల్డ్‌లో టెక్స్ట్ చదివేవాళ్లే లేరు కాబట్టి ఆమె అక్కడ లేనట్టే లెక్క. "మైక్ తప్పనిసరి" అని రూల్ పెట్టే గిల్డ్‌లు ఎవరిని బయట నిలబెడుతున్నాయో ఒకసారి ఆలోచించాలి.

పాతవాళ్ల బాధ కూడా వినాలి

ఇదంతా చదివి పాత బ్యాచ్‌లన్నీ పొగరుబోతులని తీర్మానించకండి. తలుపు మూయడానికి వాళ్లకి గట్టి కారణాలే ఉన్నాయి.

మొదటిది నమ్మకం. ఈవ్ ఆన్‌లైన్ అనే స్పేస్ గేమ్‌లో 2009 ఫిబ్రవరిలో జరిగింది గేమర్లకి తెలిసిన కథే. బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్ అనే మహా బలమైన కూటమిని యుద్ధంలో ఎవరూ ఓడించలేకపోయారు. లోపల డైరెక్టర్ హోదాలో ఉన్న ఒక ఆటగాడు శత్రువుల వైపు తిరిగి, కూటమినే రద్దు చేసేశాడు. అంతే, ఏళ్ల సామ్రాజ్యం పోయింది. ఆల్బియన్‌లోనూ అంతే. కొత్తగా చేరినవాడికి గిల్డ్ చెస్ట్ తాళం ఇస్తే తెల్లారేసరికి చెస్ట్ ఖాళీగా, వాడు ఇంకో గిల్డ్‌లో కనిపించడం మామూలే. దెబ్బతిన్నవాడు జాగ్రత్తపడటం తప్పెలా అవుతుంది?

రెండోది అలసట. కొత్తవాడికి నేర్పడం పని. ఏ ఆయుధం, ఏ కవచం, ఎప్పుడు పారిపోవాలి, అన్నీ చెప్పాలి. చెప్పినవాళ్లలో ఎక్కువమంది రెండు వారాల్లో మాయమవుతారు. పదోసారి అదే పాఠం చెప్పే ఓపిక ఎవరికుంటుంది, పొద్దున్నే తొమ్మిదింటికి స్టాండప్ కాల్ ఉన్నవాడికి?

మూడోది, అసలైనది. వాళ్లు గేమ్ కోసం రావట్లేదు, ఒకరి కోసం ఒకరు వస్తున్నారు. లాక్‌డౌన్‌లో ఒంటరిగా ఉన్నప్పుడు ఏ గొంతులు తోడున్నాయో ఆ గొంతుల కోసం వస్తున్నారు. అక్కడ కొత్త గొంతు వినపడితే ఇంట్లోకి ఎవరో వచ్చినట్టుంటుంది, మాట సర్దుకుని మాట్లాడాలి. పాత ఒక రోత, కొత్త ఒక వింత అంటారు కదా, గిల్డ్‌లో ఈ సామెత తిరగబడుతుంది. పాత ఒక ఇల్లు, కొత్త ఒక పరీక్ష.

కానీ లెక్క ఎవరి స్నేహాన్నీ చూడదు. పదిమంది ఉన్న జట్టులో ఏడాదికి ఇద్దరు తప్పుకున్నారనుకోండి. కొత్తవాళ్లు రాకపోతే మూడో ఏడాది చివరికి నలుగురు. ఐదుగురు కావాల్సిన గ్రూప్ డంజన్‌కి నలుగురు. ఆ రోజు ఎవరూ ఎవరితోనూ గొడవపడక్కర్లేదు, జట్టు ఆగిపోతుంది. అదే టీమ్ 2007లో ఐదు వార్‌క్రాఫ్ట్ సర్వర్ల మీద ఏడాదికి పైగా సేకరించిన డేటాతో గిల్డ్‌ల బతుకూ చావూ మీద ఇంకో పేపర్ రాసింది. గిల్డ్ నడపడం చాలా కష్టమని, ఎన్నో గిల్డ్‌లు ఎక్కువ కాలం బతకవని అందులో మొదట్లోనే ఒప్పుకున్నారు. అది డిస్కార్డ్ పుట్టక ముందు మాట.

కంపెనీలు వేసిన మందులు

గేమ్ కంపెనీలకి ఈ జబ్బు ఎప్పటినుంచో తెలుసు. ఒక్కొక్కరు ఒక్కో మందు వేశారు.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2009 డిసెంబర్‌లో డంజన్ ఫైండర్ తెచ్చింది. బటన్ నొక్కితే వేర్వేరు సర్వర్ల నుంచి ఐదుగురిని గేమే కలిపేస్తుంది. ఎవరినీ బతిమాలక్కర్లేదు. కొత్తవాడికి, షిఫ్టుల్లో పనిచేసేవాడికి ఇది వరం. కానీ దానితో పాటు ఇంకోటి కూడా పోయింది. మళ్లీ కనిపించని నలుగురితో "హాయ్" కూడా అనకుండా ఇరవై నిమిషాల్లో పని ముగించుకుని వెళ్లిపోవడం అలవాటైంది. ఇది బాగుచేసిందా, చెడగొట్టిందా అని ఆటగాళ్లు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. 2022 సెప్టెంబర్‌లో రాత్ ఆఫ్ ది లిచ్ కింగ్ క్లాసిక్ తెచ్చినప్పుడు, స్నేహాలు పెరగాలని ఆ బటన్ లేకుండానే మొదలుపెట్టారు. 2023లో మళ్లీ పెట్టక తప్పలేదు. పాత జట్టు లేనివాడు బటన్ లేకపోతే ఎక్కడికి పోతాడు మరి?

2004లో వచ్చిన సిటీ ఆఫ్ హీరోస్ వేరే దారి పట్టింది. సైడ్‌కిక్ అని ఒక ఏర్పాటు. పెద్ద లెవెల్ వాడు చిన్న లెవెల్ వాణ్ని పక్కన పెట్టుకుంటే, చిన్నవాడి బలం తాత్కాలికంగా పెద్దవాడి దగ్గరికి పెరుగుతుంది. లెవెల్ అనే గోడ లేదు, ఈ రోజు చేరినవాడు ఈ రోజే కలిసి ఆడొచ్చు. ఆ గేమ్‌ని 2012 నవంబర్ 30న మూసేశారు. అభిమానులు వదల్లేదు, సొంతంగా నడిపించుకుంటూ వచ్చారు, చివరికి 2024 జనవరిలో హోమ్‌కమింగ్ అనే అభిమానుల సర్వర్‌కి అసలు కంపెనీ ఎన్‌సీసాఫ్ట్ నుంచే లైసెన్స్ వచ్చింది.

నాకు బాగా తెలివైనదిగా అనిపించింది ఫైనల్ ఫాంటసీ 14 పద్ధతి. అందులో ఏదైనా డంజన్‌కి మొదటిసారి వచ్చినవాడు పార్టీలో ఉంటే, మిగతావాళ్లకి ఎక్స్‌ట్రా రివార్డ్ వస్తుంది. అంటే కొత్తవాడు భారం కాదు, బోనస్. వాడు కనిపించగానే పాతవాళ్లకి సంతోషం. అదే గేమ్‌లో కొత్తవాళ్ల కోసం నోవిస్ నెట్‌వర్క్ అని ఒక చాట్ కూడా ఉంది. చాలా చోట్ల అది పాత మెంటార్లే తమలో తాము కబుర్లు చెప్పుకునే చోటుగా మారిందని ఆటగాళ్లు జోకులేసుకుంటారు. అంటే చోటు కేటాయిస్తే సరిపోదు, కలిసి చేసే పని ఇవ్వాలి.

పని ఇవ్వడం అంటే ఏంటో మా ఊళ్లో చూడొచ్చు. ఒడ్డున అలివి వల లాగేటప్పుడు రెండు వైపులా తాడు పట్టుకునే చేతులు ఎన్ని ఉంటే అంత మేలు. బీచ్ చూడ్డానికొచ్చిన కుర్రాడు ఊరికే నిలబడి ఉంటే "పట్టు బాబూ" అని తాడు చూపిస్తారు. వాడికి గాలి దిశ తెలియదు, వల సంగతి తెలియదు. అయినా లాగుతాడు. పది నిమిషాల తర్వాత వాడు చూడ్డానికొచ్చినవాడు కాదు, వలలో ఏం పడిందా అని అందరికంటే ముందు తొంగిచూసేవాడు. ముందు పేరు, ఊరు, అనుభవం అడిగి తర్వాత తాడు ఇవ్వాలంటే వల ఒడ్డుకి రాదు.

గిల్డ్‌ని రివ్యూ చేయడం ఎలా?

ఫోన్ కొనేముందు స్పెక్స్ చూస్తాం కదా, గిల్డ్‌లో చేరేముందు కూడా నాలుగు చూడండి.

ఒకటి, సభ్యుల సంఖ్య చూడొద్దు, చివరిసారి ఎప్పుడు కనిపించారో చూడండి. 280 మందిలో ఈ వారం వచ్చింది పన్నెండు మందైతే అది పన్నెండు మంది గిల్డే.

రెండు, చేరిన రోజు గిల్డ్ చాట్‌లో ఒక మామూలు ప్రశ్న వేయండి. జవాబు ఎంతసేపటికి వచ్చిందో చూడండి. మీ పింగ్ కంటే ముఖ్యమైన పింగ్ అది.

మూడు, గత రెండు మూడు నెలల్లో చేరినవాళ్లలో ఎవరైనా ఇప్పుడు ఏదైనా పని నడిపిస్తున్నారా అని అడగండి. ఆఫీసర్లంతా మొదటి సీజన్ వాళ్లే అయితే పైకి మెట్లు లేవని అర్థం.

నాలుగు, తాళం ఉన్న రూములు ఎన్ని, తెరిచి ఉన్నవి ఎన్ని అని చూడండి. ఆఫీసర్లకి ఒక గది ఉండటం అవసరమే. కానీ రోజూ ఆడే జనమంతా తాళం వెనకాలే ఉంటే, మీరు చేరింది గిల్డ్‌లో కాదు, దాని వరండాలో.

మీరే గిల్డ్ నడిపేవాళ్లైతే ఒకటే సలహా. ఐదుగురి పార్టీలో ఒక సీటు ఎప్పుడూ ఖాళీగా ఉంచండి, ఆ సీటు ఆ వారం చేరినవాడికి. చెస్ట్ తాళం ఇవ్వక్కర్లేదు, నమ్మకం నెమ్మదిగా వస్తుంది. పోతే బాధలేని చవక సామాన్ల సెట్ ఒకటి వాడికిచ్చి తీసుకెళ్లండి. చస్తే చచ్చాడు, నవ్వుకుంటారు. మైక్ లేనివాళ్ల కోసం లీడర్ రెండు మూడు ముఖ్యమైన పిలుపులకి గేమ్‌లో పింగ్ గుర్తులు వాడితే చాలు.

ఇప్పుడు మా లెక్క

ఆ పెద్ద గిల్డ్‌లో మూడో వారం చివర ఒక అపరిచితుడు నాకు మెసేజ్ పెట్టాడు. "ఇంకో సీటు ఉంది, వస్తావా?" అంతే. మనిషెవరో, ఏ దేశమో ఇప్పటికీ తెలియదు. ఆ రాత్రి మూడు డంజన్లు ఆడాం. ఆ ఒక్క మాట లేకపోతే గేమ్ ఆ నెలలోనే అన్‌ఇన్‌స్టాల్ అయ్యేది.

తర్వాత మేం నలుగురం బయటికొచ్చి మళ్లీ సొంత గిల్డ్ పెట్టుకున్నాం. ప్రస్తుతం తొమ్మిది మంది. అందులో రోజూ వచ్చేది ఐదుగురు. ఈ మధ్య ఓ రాత్రి కూర్చుని మాట్లాడుకున్నాం, ఇలాగే ఉందామా, పెద్ద గిల్డ్‌లో కలిసిపోదామా, లేక తలుపు తీద్దామా అని. తెనాలి వాడు మొహమాటం లేకుండా అన్నాడు, "రేయ్, కొత్తవాళ్లొస్తే మన మాటలు మనం మాట్లాడుకోలేం. నాకు రోజంతా ఆఫీసులో మొహమాటమే, ఇక్కడ కూడానా?" వాడి మాటలో అబద్ధం ఏమీ లేదు. ఎవరూ వెంటనే జవాబు చెప్పలేదు. మా క్లాస్‌మేట్ అమ్మాయి టెక్స్ట్‌లో ఒక లైన్ పెట్టింది: "వచ్చే డిసెంబర్‌లో ఇద్దరికి పెళ్లిళ్లు, ఒకడికి ఆన్‌సైట్. లెక్కేసుకోండి."

లెక్కేసుకున్నాం. వారంలో రెండు రాత్రులు, బుధవారం, శనివారం, వాయిస్ రూమ్ తాళం తీసి ఉంటుంది, ఐదో సీటు కొత్తవాడిది. మిగతా రోజులు మా కబుర్లు మావి. తెనాలి వాడు దానికి ఒప్పుకున్నాడు, "శనివారం నేను రాను" అంటూనే.

మొదటి నెలలో ఆరుగురు వచ్చారు. నలుగురు ఇప్పుడు లేరు. ఉన్న ఇద్దరిలో ఒకడు రేపల్లె వైపు పాలిటెక్నిక్ కుర్రాడు, 4 జీబీ ఫోన్. డిస్కార్డ్ ఆగదు, అందుకే అసలు పెట్టుకోడు. మొన్న శనివారం బ్లాక్ జోన్‌లో మా వెనక పదిమంది పడితే, మేం వాయిస్‌లో ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్న టైంలో వాడు మ్యాప్ మీద పింగ్ గుర్తులు పెట్టుకుంటూ మమ్మల్ని పోర్టల్ దాకా తీసుకొచ్చాడు. "అన్నా, మీరు మాట్లాడుకుంటుంటే నాకు వినపడదు కదా, అందుకే మ్యాప్ చూస్తుంటా" అని తర్వాత టైప్ చేశాడు.

ఆ రాత్రి రానన్న తెనాలి వాడు కూడా ఉన్నాడు. వచ్చే శనివారం ఆ కుర్రాణ్ని లీడర్‌గా పెట్టి చూద్దామని మొదట అన్నది వాడే. రెండు కొత్త ముఖాలతో గిల్డ్ బతికిపోయిందని చెప్పను, డిసెంబర్ ఇంకా రాలేదు. బుధవారం రాత్రి పదింటికి ఆసియా సర్వర్‌లో ఒక సీటు మాత్రం ఖాళీగా ఉంటుంది.